ఆయిలు చల్లబడిన రోజు

ఒక టిప్పరు ఇంజిన్ పట్టేసిన రోజున, దాని డ్రైవరు తప్పేమీ లేదని అక్కడున్నవాళ్ళలో నాకొక్కడికే తెలుసు. తెలిసీ చెప్పలేదు. అబద్ధమాడానని కూడా అనలేను. ఆ రోజు ఓనరు అడిగినప్పుడు నా నోటి నుంచి వచ్చింది ఒక్క వాక్యం, అది అక్షరాలా నిజం. ఆ నిజంతోనే ఒక మనిషి చేతిలోంచి స్టీరింగు లాగేశాను. తర్వాత ఎవరడిగినా "పాత బండి, ఏదో అయింది" అని దాటేస్తూ వచ్చాను.

ఇప్పుడు లారీల్లోనే కాదు, వరి కోత మిషన్లలో కూడా తెరలూ అంకెలూ వచ్చేశాయి. వాటి ముందు కూర్చునే ఉద్యోగాల్లో మన కుర్రాళ్ళు చాలామంది చేరుతున్నారు. వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నీతి చెప్పేంతటి స్పష్టత నాకు లేదు. ఎక్కడ పొరపాటు ఆగి ఎక్కడ తప్పు మొదలైందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

నేను డిప్లొమా చదివి, విజయనగరంలో లారీల కరెంటు పని నేర్చుకుని, ఒక మట్టి కాంట్రాక్టరు దగ్గర చేరాను. కొత్తవలస అవతల ఒక క్వారీ నుంచి భోగాపురం వైపు పనులకి గ్రావెల్ తోలేవాళ్ళం. టిప్పర్లన్నీ సెకండ్ హ్యాండువే. నా ఉద్యోగం పేరు మాత్రం కొత్తది, వెహికల్ మానిటరింగ్ ఇన్‌ఛార్జి. క్వారీ గట్టు మీద రేకుల గది, అందులో ఒక బల్ల, ఒక కంప్యూటరు, రెండు ఫ్యాన్లు. మంచి ఫ్యాను కంప్యూటరుకి, కిర్రుమనేది నాకు. ఏ బండి ఎక్కడుందో, ఎంత వేగంతో పోతోందో చూసి డ్రైవర్లకి ఫోన్లు చేయడం నా పని. ఎండలో తిరిగే వాళ్ళకి నీడలో కూర్చుని ఫోన్లు చేసేవాడంటే ఎంత ప్రేమ ఉంటుందో మీరు ఊహించుకోవచ్చు.

ప్రేమగా మాట్లాడింది ఒక్కడే. నరసన్నపేట దగ్గర పల్లె నుంచి వచ్చిన డ్రైవరు. నాకంటే పదేళ్ళు పెద్ద. ఇంటి దగ్గర అన్నదమ్ములు వరి వేస్తారు, ఈయనకి మాత్రం చిన్నప్పటి నుంచీ బండి పిచ్చి. చుట్టరికం ఏమీ లేకపోయినా నన్ను "అల్లుడూ" అనేవాడు, నేను "మావా" అనేవాణ్ణి.

ఆయన పొద్దున్నే చేసే పని ఒకటుండేది. తాళం తిప్పడానికి ముందు క్యాబిన్ వెనక చెయ్యి పెట్టి ఆయిలు గేజి బయటికి లాగేవాడు. గేజి అంటే మీటరు కాదు. ఇంజిన్ అడుగున ఆయిలు ఎంతుందో చూసుకునే పొడుగాటి ఇనుప పుల్ల. దాన్ని గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి, గీత దాకా తడిసిందా లేదా చూసి, ఆ ఆయిలు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి వాసన చూసేవాడు.

"ఏటి మావా, పచ్చడి రుచి చూస్తున్నావా?" అనేవాణ్ణి.

"నవ్వు, నవ్వు. మీ అత్త కూరలో ఉప్పు సూడకపోయినా నాను బతుకుతాను. దీన్ని సూడకపోతే నువ్వూ నానూ ఇద్దరం బతకం."

ఇదంతా జరిగిన వేసవికి ముందు మా బండి ఒకటి ఇంజిన్ పాడై షెడ్డుకెళ్ళింది. డాష్‌బోర్డులో రేడియేటరు నీళ్ళ వేడి మామూలుగానే చూపించిందట, లోపల ఆయిలు మాత్రం కాగిపోయిందట. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు అలా జరుగుతుంది. ఆయిలు మరీ వేడెక్కితే నీళ్ళలా పలచబడి, బేరింగులకి రక్షణ ఉండదు. మా పాత బండ్లలో ఆయిలు వేడి చూపించే మీటరు లేదు. ఓనరు ఎక్కడో కనుక్కుని ఒక చిన్న డబ్బా తెప్పించాడు. దానికో సిమ్ము, పొడుగాటి వైరు, వైరు చివర వేలంత సెన్సరు. సెన్సరు ఆయిలులో మునిగి ఉంటే దాని వేడి ఎప్పటికప్పుడు నా కంప్యూటరులో కనిపిస్తుంది.

"ముందు ఒక బండికి పెట్టు. బాగుంటే అన్నిటికీ పెడదాం," అన్నాడు.

ఆ ఒక బండిగా నేను మావ బండినే ఎంచుకున్నాను. మిగతావాళ్ళయితే మొదటి రోజే వైరు తెంపేస్తారని.

సెన్సరుని ఆయిలు చాంబరు పక్కనున్న బోల్టు విప్పి అక్కడ బిగించాలి. మా మెకానిక్కు ఆ బోల్టు చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇది పుట్టినకాడ్నించీ ఎవుడూ ఇప్పనేదు. ఇప్పుడు తిప్పితే మరలు పోతాయి. నాను ముట్టను, నువ్వూ ముట్టకు," అన్నాడు. నాకు ఓనరుకి రెండు రోజుల్లో అంకెలు చూపించాలని తొందర. అప్పుడు నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. గేజి దిగే గొట్టం తిన్నగా ఆయిలులోకే కదా పోతుంది! గేజి తీసేసి, ఆ గొట్టంలోంచే సెన్సరు దించాను. పైన రబ్బరు బిరడా పెట్టి, టేపు చుట్టాను. ఓనరు మాత్రం బోల్టు దగ్గరే బిగించాననుకున్నాడు.

గంటలో కంప్యూటరులో అంకె వచ్చింది. తొంభై ఆరు. నా ఆనందం చెప్పలేను.

మావ మాత్రం నా చేతిలోని గేజి వంక చూశాడు.

"ఇదెక్కడ పెడతావు?"

"నా గదిలో ఉంటుంది మావా. భద్రంగా ఉంటుంది."

"నీ గదికి ఆయిలు ఉన్నాదేటి సూసుకోడానికి? ఇది నేకపోతే నాను బండిలో ఆయిలు ఎలగ సూసేది?"

"నువ్వు చూడక్కర్లేదు. నేను చూస్తాను."

"నీ డబ్బా ఏడి సెప్తాది. ఎంతున్నాదో సెప్తాదేటి?"

"ఆయిలు తగ్గితే వేడెక్కదా? వేడెక్కితే నాకు తెలిసిపోదా?"

ఆయన నా మాటలో తప్పు పట్టుకోలేకపోయాడు. నాకూ కనిపించలేదు. "సదువుకున్నోడివి. సర్లే," అని క్యాబిన్ ఎక్కాడు. గేజిని నేను పాత పేపరులో చుట్టి బల్ల వెనక మూలన నిలబెట్టాను.

కొన్నాళ్ళు అద్భుతంగా నడిచింది. ఎత్తు ఎక్కేటప్పుడు అంకె నూట పది దాటితే ఫోను చేసేవాణ్ణి. "మావా, కాస్త ఆగి ఎక్కు." ఆయన "నా కడుపులో ఏడి కూడా అందులో కనిపిస్తన్నాదేటి? అన్నం తిని శానా సేపయ్యింది," అనేవాడు. పొద్దున్న మాత్రం ఆయన చెయ్యి అలవాటుగా క్యాబిన్ వెనక్కి పోయి, బిరడా తగిలి, వెనక్కి వచ్చేసేది. నేను గది కిటికీలోంచి చూసేవాణ్ణి. నవ్వొచ్చేది.

తర్వాత అంకెలు మెల్లగా తగ్గడం మొదలుపెట్టాయి. నూట రెండు ఉండేచోట తొంభై. తొంభై ఉండేచోట ఎనభై అయిదు. నాకు కాస్త తికమకగా అనిపించింది. బయట ఎండ చూస్తే మండిపోతోంది. మెకానిక్కుని అడుగుదామంటే అతను వేరే బండి డీజిలు పంపు రిపేరు కోసం విశాఖపట్నం వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. మావ నెమ్మదిగా తోలడం నేర్చుకున్నాడు, అందుకే తగ్గుతోంది అని నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను. ఓనరుకీ అదే చెప్పాను. ఓనరు సంతోషించి, కొనబోయే కొత్త బండి ఆయనకే ఇస్తానన్నాడు. ఆ మాట నేనే ఫోనులో చెప్పాను.

"కొత్తదా? నాకా? ఒరే అల్లుడూ, ఆడించకు," అన్నాడు. ఇన్నేళ్ళ సర్వీసులో ఎప్పుడూ ఒకరు తోలి వదిలేసిన బండే తప్ప కొత్తది ఎక్కినవాడు కాదు.

ఆ మర్నాడో, ఆ పై రోజో, సాయంత్రం టేపు వదులైతే నేను బండి దగ్గరికెళ్ళి మళ్ళీ బిగించి వచ్చాను. మావ దూరంగా ముఖం కడుక్కుంటూ నన్ను చూశాడు. ఈ చిన్న విషయం గుర్తుంచుకోండి, తర్వాత జరిగిందానికి ఇదే ఆధారమైంది.

మరుసటి రోజు, మిట్టమధ్యాహ్నం. లోడుతో క్వారీ గొయ్యిలోంచి పైకి వస్తూ మావ ఫోను చేశాడు.

"అల్లుడూ, ఎర్ర లైటు మినుకు మినుకుమంతన్నాది. ఆయిలు లైటు."

ఆ లైటు సంగతి మా ఇద్దరికీ తెలుసు. వైరు వదులై, గతుకు వచ్చినప్పుడల్లా ఊరికే వెలిగేది. బాగు చేస్తానని నేను ఎప్పటినుంచో అంటున్నాను.

"అది పాత జబ్బే కదా మావా."

"పాతదేనేమో. కానీ ఏటో మాడు వాసనొస్తన్నాది. ఆపీమంటావా?"

నేను కంప్యూటరు చూశాను. డెబ్భై ఎనిమిది. ఎప్పుడూ లేనంత తక్కువ. నా కళ్ళెదుట ఉన్న అంకెని నమ్మాలా, ఆయన ముక్కుని నమ్మాలా? ఇంజిన్ లోపల కాలుతూ ఉంటే ఆయిలు ఇంత చల్లగా ఎలా ఉంటుంది? వెనక ఇంకో రెండు బండ్లు ఎక్కుతున్నాయి. మధ్యలో ఆపితే దారి మూసుకుపోతుంది.

"ఆయిలు చల్లగా ఉంది మావా. వచ్చేయ్," అన్నాను.

"నువ్వు సెప్తే సరే," అన్నాడు.

ఇంజిన్ పట్టేసినప్పుడు పెద్ద చప్పుడేమీ రాదు. గొంతు పట్టేసిన మనిషిలా ఒకసారి గరగరమని ఆగిపోతుంది. కిటికీలోంచి చూస్తే బండి ఎత్తు మధ్యలో నిలబడి ఉంది. అక్కడి నుంచి లోడుతో వెనక్కి జారితే కింద బండ్ల మీద పడుతుంది. మావ బ్రేకు పట్టేసి, కిందికి దూకి, చక్రాల వెనక రాళ్ళు వేస్తున్నాడు. ఎవరికీ ఏమీ కాలేదు. అది ఆయన చలవే.

నేను గదిలోంచి పరిగెత్తాను. పరిగెత్తే ముందు మూలనున్న గేజి తీసుకున్నాను. ఎందుకంటే, ఆయిలు చూద్దామని. అంతకు మించి నా బుర్రలో ఏమీ లేదు. ఇది మీరు నమ్మాలి. క్యాబిన్ వెనక నిలబడి సెన్సరు లాగేసి, గేజి దించాను. పొడిగా వచ్చింది. తుడిచి మళ్ళీ దించాను. మళ్ళీ పొడే. మూడోసారి కూడా దించాను. గేజి గొట్టంలోనే ఉండిపోయింది. మావ ఇంకా వెనక చక్రం దగ్గర రాళ్ళు సర్దుతున్నాడు.

అప్పటికే ఓనరు వచ్చేశాడు. ఆ రోజు క్వారీలోనే ఉన్నాడు. వస్తూనే క్యాబిన్ వెనక చెయ్యి పెట్టి, గేజి లాగి, దాన్ని ఎండలో పట్టుకుని చూశాడు.

"సుక్క ఆయిలు నేదు. ఒరే, ఇలా రా. పొద్దున గేజి తీసి సూసినావా?"

మావ చెమట తుడుచుకుంటూ వచ్చాడు. "గేజి నేదు కదండీ."

"మరి ఇదేటి?"

మావ దాని వంక చూశాడు. నా వంక చూశాడు. "అల్లుడు తీసీసినాడండి. ఆల్ల గదిలో ఉన్నాది."

ఓనరు నా వైపు తిరిగాడు. "ఏటయ్యా?"

నేను అన్న ఒక్క వాక్యం ఇది. "గేజి బండిలోనే ఉంది కదండీ."

ఉంది కదా. అందరూ చూస్తూనే ఉన్నారు.

మావ ముఖంలో కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. ఏదో లెక్క కుదుర్చుకుంటున్నట్టు నెమ్మదిగా అన్నాడు. "నిన్న సాయంత్రం ఒచ్చినావు కదా... అప్పుడు నీ వైరు మార్చి గేజి పెట్టీసినావేటి? నాతో సెప్పనేదేటి అల్లుడూ?"

నేను కాదనలేదు, అవుననలేదు. సెల్‌ఫోను తెర చూస్తూ నిలబడ్డాను.

"ఆడు సెప్పాలేటి నీకు?" అన్నాడు ఓనరు. "ఇన్నేల్ల డ్రైవరువి. పొద్దున్నే గేజి సూడ్డం ఒకరు సెప్పాలేటి?"

"సూడనేదండి," అన్నాడు మావ. "సెయ్యి పెట్టనే నేదు. నేదనుకుని... సెప్పినాడేమో, నానే మర్సిపోనానేమో."

సాయంత్రానికి ఆయన సంచీ సర్దుకుని వెళ్ళిపోయాడు. వెళ్తూ నా గది ముందు ఆగి, "ఎల్తాను సారూ," అన్నాడు. ఆ పిలుపు మొదటిసారి విన్నాను. ఇంజిన్ పట్టించిన డ్రైవరు అన్న పేరు ఆయనకంటే ముందే హైవే ఎక్కింది. ఆ మాట విన్నాక ఏ ఓనరూ తాళం ఇవ్వడు.

మెకానిక్కు విశాఖపట్నం నుంచి వచ్చాక బండి విప్పి చూశాడు. ఆయిలు పోయే పైపు ఒకటి చిట్లి, రోజూ కొంచెం కొంచెం కారిపోయింది. కారిందంతా ఎర్రదుమ్ములో కలిసి అట్టకట్టింది కాబట్టి పైకి తెలియలేదు. గేజి చూసే మనిషికి రెండో రోజే తెలిసిపోయేది. అతను నన్ను ఒక మాటే అడిగాడు. "గేజి నీ గదిలో ఉండేది కదా?" నేను "మధ్యలో పెట్టేశాను" అన్నాను. అది మాత్రం పచ్చి అబద్ధం. అతను నా ముఖంలోకి చూసి, "నాకెందుకులే బాబూ," అని స్పానరు తీసుకుని బండి కిందికి దూరిపోయాడు.

నన్ను చాలాకాలం తినేసింది మాత్రం ఆ డెబ్భై ఎనిమిది. కాలిపోయే ఇంజిన్‌లో ఆయిలు ఎలా చల్లబడింది? డబ్బా పాడైందనుకుంటే మనసుకి హాయిగా ఉండేది. ఒకరోజు షెడ్డులో పాత ఆయిలు ఒక గిన్నెలో పోసి కాచి, అదే సెన్సరు వేలాడదీశాను. సరిగ్గానే చూపించింది. ఆయిలు కొంచెం కొంచెం తీస్తూ పోయాను. సెన్సరు కొన నుంచి ఆయిలు కిందికి దిగగానే అంకె పడిపోవడం మొదలైంది. సెన్సరు ఆయిలు వేడి చెప్పడం ఎప్పుడో మానేసింది. ఆయిలు పైన ఉన్న గాలి వేడి చెబుతోంది. నేను చల్లబడిందనుకున్నది ఆయిలు కాదు, ఆయిలు లేకపోవడం. దాన్నే నేను ఓనరుకి శుభవార్తలా చేరవేశాను.

ఇంత తెలిశాక అయినా వెళ్ళి చెప్పొచ్చు. చెప్పలేదు. ఉద్యోగం పోతుందనా? ఓనరు నాలుగు తిట్టి వదిలేసేవాడే. మరి దేనికి భయపడ్డానో నాకిప్పటికీ అంతుపట్టదు. ఇవాళ కాదు రేపు అనుకున్నాను. రేపు అయ్యేసరికి నిన్నెందుకు చెప్పలేదన్న ప్రశ్న కూడా వచ్చి చేరేది. ఆ తర్వాత ఆ గ్రావెల్ పనీ అయిపోయింది, ఓనరు బండ్లు అమ్మేశాడు. నేను విజయనగరంలో బ్యాటరీల షాపు పెట్టుకున్నాను.

ఈమధ్య నరసన్నపేట నుంచి ఒక లారీ డ్రైవరు బ్యాటరీ కోసం వచ్చాడు. మాటల్లో మావ ఊరు తెలిసి, ఎలా ఉన్నాడని అడిగాను.

"ఆయనా? బండి ముట్టడు. ఆల్ల అన్నదమ్ముల ట్రాక్టరు కూడా తోలడు. నా బుర్ర మీద నాకు నమ్మకం నేదంతాడు. మడిసి మంచోడే, పాపం."

ఆ రాత్రి నేనెలా ఉన్నానో రాయను. మర్నాడు షాపు తెరవలేదు, బస్సెక్కాను.

కోతలయిపోయిన రోజులు. మావ కళ్ళంలో ధాన్యం ఎండబెడుతున్నాడు. జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టి, "రండి సారూ," అని గోనెపట్టా పరిచాడు. ఆయన భార్య మజ్జిగ తెచ్చింది. నేను మజ్జిగ పక్కన పెట్టి, కూర్చోకుండానే చెప్పేశాను. గేజి ముందు రోజు సాయంత్రం పెట్టలేదని, ఇంజిన్ ఆగాక నేను పరిగెత్తుకొచ్చి పెట్టానని.

ఆయనకి వెంటనే అర్థం కాలేదు.

"సాయంత్రం పెట్టనేదా?"

"లేదు మావా. టేపు బిగించాను, అంతే."

"మరి పొద్దున?"

"పొద్దున అది నా గదిలోనే ఉంది."

"నాను సెయ్యి పెట్టుంటే?"

"పెట్టినా దొరికేది కాదు."

చేతిలోని ధాన్యం లాగే పలకని కింద పెట్టి, ఆయన మళ్ళీ మొదటి నుంచీ అడిగాడు. మళ్ళీ చెప్పాను.

ఆవిడ మాత్రం ఒక్కసారికే అర్థం చేసుకుంది. "ఓలమ్మో! ఇన్నేల్లూ ఈ మడిసి గేసు కట్టినానో నేదో అని పొయ్యి కాడికి ఎల్లి ఎల్లి సూత్తాడు. తలుపు గెడ ఏసినాక మల్లీ తీసి సూత్తాడు. నానేమో మతిమరుపు ముసిలోడని ఎక్కిరించినాను. నీకు నోరు నేదేటి బాబూ? ఇల్లు తెల్దా? ఫోను నేదా?"



"ఊరుకో," అన్నాడు మావ. కింద పెట్టిన పలక మళ్ళీ తీసుకుని ధాన్యం ఒకసారి లాగాడు. "అయితే నాను మర్సిపోనేదు," అన్నాడు. అది నాతో అన్నమాట కాదు.

నేను వంగి ఆయన కాళ్ళు పట్టుకోబోతే వెనక్కి జరిగాడు.

"ఇక్కడ కాదు. నాకు ఒక్కడికే సెప్తే ఏటి లాభం? నాదే తప్పని నానే ఊరూరా సెప్పుకుని తిరిగినాను. రండి." చొక్కా వేసుకున్నాడు.

హైవే పక్కన లారీలు ఆపుకునే టీ కొట్టుకి నన్ను తీసుకెళ్ళాడు. ఏడెనిమిది మంది డ్రైవర్లు ఉన్నారు. మావ వాళ్ళతో, "నా బండి గురించి ఈయన ఒక మాట సెప్తాడు, ఇనండి," అని పక్కకి తప్పుకున్నాడు.

"ఏ బండి గురించి బావా?" అన్నాడొకడు. "క్వారీలో ఇంజిన్ పట్టీసినాదే, ఆ టిప్పరు," అన్నాడు ఇంకొకడు. "ఓ, అదా! అది మనోడే కదా పట్టించినాడు," అని మొదటివాడు నవ్వాడు. మావ నవ్వలేదు. నా వంకే చూస్తున్నాడు.

లారీల చప్పుడులో వినిపించదేమోనని గట్టిగా అన్నాను.

"ఆ ఇంజిన్ పట్టించింది ఈయన కాదు, నేను. ఆయిలు చూసుకునే పుల్లని ఈయన చేతికి అందకుండా దాచాను. ఆపమంటావా అని అడిగితే వద్దన్నాను. ఓనరు ముందు నోరు మూసుకుని ఈయన మీదికి నెట్టాను. ఈయన మంచి డ్రైవరు. మీ ఓనర్లతో చెప్పండి, నమ్మి తాళం ఇవ్వొచ్చు. మావా, నీ బతుకు పాడు చేశాను. వీళ్ళందరి ముందూ క్షమించమని అడుగుతున్నాను."